గుంట పూడ్చాక మా కండె

మా పిల్లి పేరు కండె. ఇప్పుడు బాగానే ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు అది చివరికి బతికిందా లేదా అని తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. మీ ఇంట్లో కూడా ముసలి పిల్లో కుక్కో ఉండి, ఉన్నట్టుండి తిండి మానేసి, ఏమైందో ఎవరూ చెప్పలేకపోతే, మేము పడ్డ అవస్థ మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోయినా పోయేదేం లేదు. రాస్తుంటే నా మనసు కుదుటపడుతోంది.

మాది ఎమ్మిగనూరు. నేతపని. మా ఆయన దుప్పట్లు నేస్తాడు, నేను రాట్నం మీద కండెలు చుడతాను. కండె అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం. దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తేనే బట్ట పెరిగేది. పదిహేనేళ్ళ కిందట మా అత్తమ్మ నూలు గంపలో దూరిన పిల్లికూనను మెడ పట్టి ఎత్తి, "ఇదేందే, కండె అంత గూడా ల్యా" అంది. అదే పేరైపోయింది. బూడిదరంగు ఒంటి మీద నల్ల చారలు, తోక చివర కాస్త వంకర. తర్వాత అత్తమ్మ పోయింది, మా అమ్మాయి సునీత పెళ్ళయి ఆదోని వెళ్ళింది, ఇంట్లో మేమిద్దరం, కండె మిగిలాం.

నాకు నోరెక్కువ. మా ఆయనకు మాట తక్కువ. ఎంత తక్కువంటే, మగ్గం మీద ఉన్నప్పుడు ఆయన నన్ను నోటితో పిలిచిందే లేదు. కండెలు అయిపోతే, నేత బిగించే కొయ్యను ఊరికే రెండుసార్లు గట్టిగా కొడతాడు. దబ్, దబ్. అది వినగానే నేను కండెల గంప, టీ గ్లాసు పట్టుకుని వెళ్ళాలి. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది, నేనేమన్నా గొడ్డునా ఇట్లా చప్పుడు చేసి పిలవడానికి అని. ముప్పై ఏళ్ళలో అలవాటైపోయింది. కండె కూడా ఆ రెండు దెబ్బలకే వచ్చేది. వంటింట్లో ఉన్నా, పెరటి గోడ దగ్గర ఉన్నా, పరిగెత్తుకొచ్చి మగ్గం గుంటలోకి దూకేది. ఆయన టీలో ముంచిన బన్ను ముక్క దానికి పెట్టేవాడు. పిల్లి టీ బన్ను తింటుందా అని అడగకండి. మా పిల్లి తింటుంది.

గుంట సంగతి కూడా చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, నేసేవాడు దాని అంచున ఒక పలక వేసుకుని కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి తొక్కుతుంటాడు. మా మామ తవ్విన గుంట అది. ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. కండె సగం బతుకు ఆయన పాదాల పక్కన ఆ చల్లటి మట్టిలోనే గడిచింది. కానీ రెండేళ్ళుగా మా ఆయన మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రం లేవాలంటే పైన దూలానికి కట్టిన తాడు పట్టుకోవాలి, నేను చంకల కింద చేతులు పెట్టి లేపాలి. ఎముకల డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఇంకా గుంటలో కూర్చుంటే ఒకరోజు లేవలేవు అన్నాడు.

గుంట పూడ్చేద్దాం, నేల మీద నిలబడే చట్రం మగ్గం పెట్టుకుందాం అని నేను ఏడాది పొడుగునా పోరాను. ఆయన వినలేదు. వాళ్ళ నాయన తవ్విన గుంట అంటాడు, అలవాటైన చోటు అంటాడు, అసలు జవాబే చెప్పకుండా నాడె ఆడిస్తాడు. నేను అలిగాను, తిట్టాను, సునీత చేత ఫోన్ చేయించాను. చివరికి ఈ ఫిబ్రవరిలో, చలి తగ్గాక, సరే కానీ అన్నాడు. అన్నదే తడవు, ఆయన మనసు మార్చుకునేలోపు గరుసు తోలించి గుంట పూడ్పించాను. పైన నాపరాతి బండలు పరిపించాను. కొత్త మగ్గం వచ్చింది. దానికి బెంచీలాగా కూర్చునే చోటుంది. బండల మీద మగ్గం జారకుండా, బండ పగలకుండా, నాలుగు కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టించింది కూడా నేనే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి మొదటి వారంలో కండె రావడం మానేసింది. దబ్, దబ్ అని ఆయన కొడతాడు, నేను గంపతో వెళతాను, పిల్లి మాత్రం రాదు. గుంట పూడ్చినందుకు అలిగిందిలే అనుకుని నవ్వుకున్నాం. ఆయన బన్ను ముక్క పట్టుకుని కాసేపు చూసి, తనే తినేసేవాడు.

వారం తిరిగేసరికి నవ్వు పోయింది. ముందు బన్ను మానేసింది, తర్వాత పాలన్నం, తర్వాత చేప. గోడ వెంబడి మూలమూలకీ తిరుగుతుంది, మధ్యలో ఆగిపోయి ఎటు పోవాలో తెలియనట్టు నిలబడుతుంది. మధ్యాహ్నం మా ఆయన అన్నం తిని కాస్త నడుం వాల్చే వేళకి మొదలుపెడుతుంది ఏడుపు. అది మామూలు మ్యావు కాదు. లోపలి నుంచి లాగి లాగి అరిచేది, తప్పిపోయిన పిల్ల సంతలో అమ్మను పిలిచినట్టు. పైగా కొత్త బండల మీద, సరిగ్గా మగ్గం ముందు, మూత్రం పోసేది. ఒకసారి కాదు, రోజూ. ఒకరోజు నేను తట్టుకోలేక చీపురుతో కొట్టాను. అది పారిపోలేదు. నా వైపు చూసి అక్కడే ముడుచుకుని పడుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ రాతలో నేను సిగ్గుపడాల్సినవి రెండున్నాయి, అది మొదటిది.

ఇంట్లో మేమిద్దరం కీచులాడుకోవడం మొదలైంది. తెగిన పోగులేవో మింగి ఉంటుంది, నువ్వు కింద పడేసిన నూలు ఎత్తవు అని నేను. బండలు కడిగిన మందు నాకి ఉంటుందని ఆయన, అంటే తప్పు నాదని. పక్కింటి ఖైరున్‌బీ అక్క ఒక్కతే ఎవరి తప్పూ ఎంచకుండా, మటన్ కొట్టు నుంచి కాలేయం ముక్కలు తెచ్చి ఉడికించి ఆ నీళ్ళు ఇచ్చేది. "ఆ నీళ్ళన్నా దాని నోట్లో పోయి సెల్లెలా, ముక్కలు నేను తింటాలే" అనేది. వెనక వీధి ఆవిడ ఒకతె మాత్రం వచ్చి, పిల్లి ఏడిస్తే ఇంటికి కీడు, తీసుకెళ్ళి మార్కెట్ యార్డులో వదిలేయమని సలహా ఇచ్చింది. మీ అత్త కూడా పొద్దస్తమానం ఏడుస్తుంది కదా, ఆమెను ఏ యార్డులో వదిలావు అని అడిగాను. ఇప్పటికీ ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నాకేం బాధ లేదు.

ఉగాది వెళ్ళాక మా ఊళ్ళో పశువుల డాక్టరుకు చూపించాం. గొర్రెలు, బర్రెలు చూసే పెద్దమనిషి, ఎంతో ఓపికగా చూశాడు. నోరు తెరిచి నాలుక కింద దారం ఉందేమో చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. ఏమీ దొరకలేదు. నులిపురుగుల మందిచ్చి, పిల్లుల సంగతి తనకు అంతంత మాత్రమేనని, ఆదోనిలో కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ఒక డాక్టరమ్మ ఉందని ఆయనే చెప్పాడు. మందు వేశాం. ఏం మారలేదు. ఏప్రిల్ చివరికి కండెను ఎత్తుకుంటే చేతిలో బరువే తెలిసేది కాదు. వెన్నెముక వేళ్ళకు గింజల్లా తగిలేది. ఇక ఇది పోతుంది అని నాకు లోపల అనిపించింది, కానీ నోటితో అనలేదు. నోరున్న దాన్నే, ఆ ఒక్క మాట మాత్రం రాలేదు.

మే మొదట్లో ఆదోని తీసుకెళ్ళాను. మా ఆయనకు సహకార సంఘానికి అప్పజెప్పాల్సిన దుప్పట్లున్నాయి, నేనొక్కదాన్నే బయల్దేరాను. టమాటాలు పెట్టే ప్లాస్టిక్ ట్రేలో పాత టవలు పరిచి, కండెను పడుకోబెట్టి, పైన ఇంకో ట్రే బోర్లించి నూలుతో కట్టాను. బస్సు మంత్రాలయం నుంచి దర్శనం చేసుకొచ్చే వాళ్ళతో కిక్కిరిసి ఉంది. పిల్లి అని తెలిసి ఒకాయన మొహం చిట్లించాడు. కండక్టరు ఏమీ అనకుండా ఇంజను పక్క చోటు చూపించాడు, ఆ ఎండలో అది మంచి చోటేం కాదు గానీ, ఆయన మంచితనం అది. దారంతా కండె అరవలేదు. ఆ కుదుపులకు కళ్ళు మూసుకుని ట్రే అడుగుకు గడ్డం ఆనించి పడుకుంది. అంత నిమ్మళంగా అది పడుకోవడం రెండు నెలల తర్వాత అదే మొదలు. అప్పుడు నేను దాన్ని నీరసం అనుకున్నాను.

ఆస్పత్రి ముందు రేకుల షెడ్డు, రెండు బెంచీలు. కుక్కల గొలుసులు పట్టుకుని ఇద్దరు, బుట్టలో కోడితో ఒకతను. నా పక్కన చిప్పగిరి వైపు నుంచి వచ్చిన కూలి మనిషి, పేరు మరియమ్మ, ఒళ్ళో మేకపిల్ల. దానికి ముందు కాళ్ళు ఆనడం లేదు. ఆమె నన్ను ఏమీ అడగకుండా తన తడి తుండుగుడ్డ తీసి నా ట్రే మీద కప్పింది. అడిగితే, మేకపిల్లకు నా నీడ చాలులే అంది.

డాక్టరమ్మ చిన్న వయసు. కండెను బల్ల మీద పెట్టి ఒళ్ళంతా చూసింది, రక్తం తీసింది. నేను ఆపకుండా చెబుతూనే ఉన్నాను. మధ్యలో ఆమె కండె వెనక్కి వెళ్ళి స్టీలు పళ్ళెం ఒకటి నేల మీద వేసింది. నేను ఎగిరిపడ్డాను. కండె చెవి కూడా కదపలేదు. మీ పిల్లికి చెవులు వినపడవమ్మా, చాలా కాలమై ఉంటుంది అంది. నాకు కోపం వచ్చింది. అదెట్లా, మా ఆయన మగ్గం మీద రెండు దెబ్బలు కొడితే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చే పిల్లి ఇది అని గట్టిగానే అన్నాను. చివరిసారి ఎప్పుడొచ్చింది అని అడిగింది ఆమె. లెక్కేసుకుని, ఫిబ్రవరిలో అన్నాను.

రిపోర్టు వచ్చేదాకా రెండు గంటలు షెడ్డులో కూర్చున్నాను. సునీత బట్టల షాపులో పని చేస్తుంది, భోజనం వేళకి అన్నం డబ్బా తెచ్చింది. కండెను చూసి కళ్ళు తుడుచుకుంది. ముసలిదైంది కదమ్మా, దాన్ని సూదులతో పొడిపించకుండా ఇంట్లో ప్రశాంతంగా ఉండనివ్వకూడదా అంది మెల్లగా. ప్రశాంతంగా ఉంటే ఉండనిస్తాను, అది రోజూ ఏడుస్తోందే అన్నాను. అన్నం తినాలనిపించలేదు, డబ్బా మరియమ్మకు ఇచ్చాను. ఆమె సగం తిని సగం నా ముందుకే తోసింది. నువ్వు తినకపోతే నేనూ తినను అన్నట్టు కూర్చుంది. తిన్నాను.

తింటూ తింటూ ఆమెకు అంతా చెప్పాను. డాక్టర్లకే తెలియనిది నాకేం తెలుస్తుంది అంటుందనుకున్నాను. ఆమె మేకపిల్ల వీపు రాస్తూ అంది:

"ముసిలోళ్ళని యాడ నొప్పి అని అడిగితే సెప్పలేరక్కా. మా మామ గూడా ఇంతే. కొత్త కాలనీ ఇంట్లోకి పోయినంక అన్నం మానేసినాడు. బాగుండే ఇల్లే, ఫ్యాను గూడా ఉండె. ఆయప్పకి మా పాత గుడిసె వాకిలి గావాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఏం మారిందో సూడు."

మీ మామ తర్వాత తిన్నాడా అని అడిగాను. వాకిట్లో ఆయన పాత నులక మంచం తెచ్చి వేస్తే రెండు రోజుల్లో తిన్నాడు అంది.

అప్పుడే నన్ను లోపలికి పిలిచారు. మూత్రపిండాలు కాస్త బలహీనంగా ఉన్నాయి, ఈ వయసుకు అది మామూలే, కానీ ఇంతగా తినకపోవడానికీ, ఆ ఏడుపుకీ అది సరిపోదు అంది డాక్టరమ్మ. "కారణం నాకు దొరకలేదమ్మా. దొరికినట్టు చెప్పి పంపలేను." ఆ మాటకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. చర్మం కింద సెలైన్ ఎక్కించింది, ఒక టానిక్ ఇచ్చింది, సూది లేని సిరంజితో ద్రవాలు తాగించడం నేర్పింది. తిరిగి వచ్చేసరికి షెడ్డులో మరియమ్మ లేదు, మేకపిల్లను లోపలికి తీసుకెళ్ళారట. తుండుగుడ్డ నా ట్రే మీదే ఉండిపోయింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తిరుగు బస్సులో నాకంతా అర్థమైంది. మా ఇంట్లో మారింది ఒక్కటే. ఇన్నాళ్ళూ ఆ రెండు దెబ్బలు కండె చెవులతో వినలేదు. ఆయన కొడితే మగ్గం అదిరేది, మగ్గం నుంచి మట్టిలోకి, మట్టి నుంచి ఇంటి నేలంతా ఆ అదురు వెళ్ళేది. అది కాళ్ళతో విని వచ్చేది. నేను గుంట పూడ్పించాను, మట్టి మీద బండలు పరిపించాను, కాళ్ళ కింద రబ్బరు కూడా పెట్టించాను. చెవిటిదానికి ఇల్లు మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. అది ఎక్కడుందో దానికే తెలియడం లేదు. అందుకే బస్సు కుదుపుల్లో అంత హాయిగా పడుకుంది.

ఇప్పుడు నేను సిగ్గుపడే రెండో సంగతి. ఇల్లు చేరాక ఇదంతా మా ఆయనకు చెప్పలేదు. చెవుడు సంగతి చెప్పాను, టానిక్ చూపించాను, గుంట మాట ఎత్తలేదు. ఎందుకంటే ఆ మనిషి నాకు తెలుసు. పిల్లి ఆ గుంట కోసం ఏడుస్తోందంటే ఆ పూటే గడ్డపార తీస్తాడు, బండలు లేపుతాడు, మళ్ళీ గుంటలోకి దిగుతాడు. ఆ తర్వాత ఒకరోజు లేవలేడు. పిల్లి కావాలా, ఆయన మోకాళ్ళు కావాలా అని ఎవరైనా అడిగితే జవాబు ఏముంది, అందరికీ తెలిసిందే. కానీ ఆ జవాబు చెప్పి, కళ్ళ ముందు కండె ఎండిపోతుంటే సిరంజితో కాలేయం నీళ్ళు తాగిస్తూ కూర్చోవడం ఎట్లా ఉంటుందో, అది అనుభవిస్తే గానీ తెలియదు. పదిహేనేళ్ళు నా రాట్నం పక్కన కూర్చున్న ప్రాణి. దాన్ని నేనే చంపుతున్నాను అనిపించేది.

మే నెలంతా అట్లా దొంగ బతుకు బతికాను. ఆయన బయటికి వెళ్ళినప్పుడల్లా నా ప్రయోగాలు నేను చేశాను. గిన్నె బోర్లించి కొట్టాను. కాలితో తన్నాను. ఒకరోజు పచ్చడి నూరే రోకలి తెచ్చి, కండెను మగ్గం ముందు కూర్చోబెట్టి, బండ మీద దబ్ దబ్ అని పొడుస్తున్నాను. కండె కొంచెం తల ఎత్తింది, మళ్ళీ దించేసింది. తల ఎత్తిందే అని నేను ఇంకా గట్టిగా పొడుస్తుంటే వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. ఏం చేస్తాండావని అడిగాడు. బండ కింద బోలుగా ఉందేమో చూస్తున్నా అన్నాను. ఆయన నా మొహం చూశాడు, రోకలి చూశాడు, కండెను చూశాడు. మగ్గం బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు.

"బోలు ల్యాదు ఏం ల్యాదు. అది గుంట కోసం ఏడుస్తాండాదని నాకు తెల్సులేమే" అన్నాడు.

రోకలి కింద పెట్టాను. ఎప్పటినుంచి తెలుసు అని అడిగాను.

"నువ్వు ఆదోనికి పోకముందే. రోజూ ఒకే తావున ఉచ్చ బోస్తాంటే తెలీదా. సరిగ్గా గుంటలో నా కాళ్ళుండే తావు అది."

మరి ఎందుకు చెప్పలేదని గొంతు పెంచాను. ఆయన బెంచీ అంచున గోరుతో గీస్తూ చెప్పాడు.

"సెప్తే, మళ్ళా గుంట తవ్వు అంటావేమోనని. ఈ మూడు నెల్లలో నా మోకాళ్ళకి నొప్పి తెలీల్యా. ఎవరూ లేపకుండా నేనే లేస్తాండాను. పిల్లి కోసం మళ్ళా దాంట్లోకి దిగాలని లేకపాయ నాకు. సిగ్గేసి సెప్పల్యా."

నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏడాదిపాటు మా నాయన గుంట, మా నాయన గుంట అని నన్ను చంపుకు తిన్న మనిషి, ఇప్పుడు ఆ గుంటలోకి దిగమంటానేమోనని నన్ను చూసి భయపడ్డాడు. నేను ఆయన దిగిపోతాడేమోనని భయపడ్డాను. ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి ఒకే దొంగతనం దాచుకున్నాం. నేనూ నా సంగతి చెప్పేశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అంతసేపు నవ్వడం నేను చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కండె తల నిమిరాడు.

తర్వాత పని ఆయనదే. అట్లాంటి పనులకు ఆయనకు మాటలు అక్కర్లేదు. మగ్గం కాళ్ళ కింద టైరు ముక్కలు నాలుగూ పీకేశాడు. పెరట్లో వంటచెరకు మీద పడేసిన పాత పలక ఒకటి తెచ్చాడు, గుంట అంచున ముప్పై ఏళ్ళు ఆయన కూర్చున్న పలక, మధ్యలో అరిగి నున్నగా గుంట పడింది. దాన్ని కడిగి, ఎండబెట్టి, మగ్గం ముందు కాలు దాని మీద నిలిచేలా ఒక కొస లోపలికి తోశాడు. రెండో కొస మూరెడు బయటికి ఉంది. మిగతా మూడు కాళ్ళ కింద అంతే మందం చెక్కలు పెట్టి సమం చేశాడు. కండెను తెచ్చి బయటి కొస మీద కూర్చోబెట్టి నేత మొదలుపెట్టాడు.

కండె దిగి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున నేను రాట్నం దగ్గర ఉన్నాను. ఆయన నేస్తున్నాడు. కండె గోడ వెంబడి తిరుగుతూ తిరుగుతూ, ఆ పలక కొసకు ముందు పాదం ఆనించి ఆగిపోయింది. చాలాసేపు అట్లాగే నిలబడింది, పాదం ఒక్కటే పలక మీద. తర్వాత రెండోది పెట్టింది. తర్వాత ఎక్కి, ఆ అరిగిన గుంటలో చుట్ట చుట్టుకుని, గడ్డం చెక్కకు ఆనించి కళ్ళు మూసుకుంది. నాడె అటూ ఇటూ తిరుగుతోంది, దాని మీసాలు సన్నగా అదురుతున్నాయి. మా ఆయన ఆగలేదు. ఆపితే లేచిపోతుందని భయం. ఆ పొద్దు కండెలు అయిపోతుంటే నన్ను పిలవకుండా కళ్ళతో సైగ చేశాడు, నేనే తెచ్చి ఇచ్చాను. మధ్యాహ్నం దాకా లేవకుండా నేశాడు. ఆ రోజు మధ్యాహ్నం కండె ఏడవలేదు.

జూన్‌లో వానలు మొదలయ్యేసరికి ఖైరున్‌బీ అక్క కాలేయం నీళ్ళు సిరంజి లేకుండా తనే నాకడం మొదలుపెట్టింది. తర్వాత ముక్కలు కూడా. ముక్కలు పోయాయి కదా అని ఖైరున్‌బీ అక్క తిట్టింది. రబ్బరు తీసేసినందుకు రెండు బండలు పగిలాయి. పగిలితే పగలనీ అన్నాను. ఇవే బండల కోసం ఫిబ్రవరిలో పనివాళ్ళతో గొడవ పడింది కూడా నేనే.

మొన్న ఆదోనిలో డాక్టరమ్మకు మళ్ళీ చూపించాను. తూకం చూసి ఆశ్చర్యపోయింది. పలక సంగతంతా విని, కావచ్చమ్మా అంది, తను చదివిన పుస్తకాల్లో మాత్రం మగ్గం లేదంది. టానిక్ పని చేసిందో, సెలైనో, కాలేయమో, పలకో ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేను. కండెకు చెవులు రావు, మూత్రపిండాలు కొత్తవి కావు. కొన్ని రోజులు తింటుంది, కొన్ని రోజులు మొహం తిప్పుకుంటుంది. ఇంకెంత కాలమో ఎవరికి తెలుసు. ఆ మాట ఇప్పుడు నేను నోటితో అనగలుగుతున్నాను. షెడ్డులో మరియమ్మ కోసం చూశాను, తుండుగుడ్డ ఉతికి మడిచి తీసుకెళ్ళాను. కనిపించలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ తీసుకెళతాను.

మీ ఇంట్లో ముసలి ప్రాణి ఏదైనా ఇట్లా చేస్తే డాక్టరుకు చూపించండి, అది ముందు. కొట్టకండి, నేను కొట్టి ఇంకా బాధపడుతున్నాను. దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. మీరు ఇంట్లో ఏం బాగు చేసుకున్నారో గుర్తు తెచ్చుకోండి, మీకు బాగైంది దానికి బాగు కాకపోవచ్చు. ఆ మీదట, ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ మీకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోండి. మేము నోరు విప్పి ఉంటే కండె నెల ముందే తిని ఉండేది.

ఇది రాస్తున్నది మధ్యాహ్నం పూట. బయట జల్లు పడుతోంది. రాట్నం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కండె పలక వదిలి వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చగా పడుకుంది, ఇక్కడికి కనిపిస్తోంది. ఆయన మగ్గం మీద ఉన్నాడు. దబ్, దబ్.

కండె లేచింది. ఇక నేనూ లేవాలి.